మగపిల్లలకూ ముఖం చదవడం నేర్పాలి

మగవాళ్ల మెదడుకు ఎదుటివారి ముఖంలో బాధ కనిపించదని తేల్చేసే కథనాలు పిల్లల పెంపకాన్ని తప్పుదారి పట్టిస్తున్నాయి. ముఖం, ఒళ్లు, గొంతు తెలిపే భావాలను గ్రహించడంలో స్త్రీలు సగటున కాస్త ముందుంటారన్నది నిజమే. 1978లో మనస్తత్వ శాస్త్రవేత్త జుడిత్ హాల్ 75 అధ్యయనాలను సమీక్షించి ఈ మాటే చెప్పారు. కానీ అది సగటు మాత్రమే. మెదడు స్కానింగులో తేడా కనిపించినా, అది పుట్టుకతో వచ్చిందో పెంపకంతో వచ్చిందో ఆ ఒక్క చిత్రం చెప్పలేదు. అమలాపురం దగ్గర పల్లె బడిలో పాతికేళ్లు పనిచేశాను. వరద తగ్గి బడి తెరిచిన రోజు, గోదావరి లంకల నుంచి వచ్చిన పిల్లల్లో ఎవరు టెన్షన్‌లో ఉన్నారో ఆడపిల్లలే ముందు చెప్పేవారు. మగపిల్లల్ని మాత్రం "మగాడివి, ఏడుస్తావేంట్రా" అని ఇంట్లోనే నోరు నొక్కేస్తాం. అయినా రేవులో పడవ నడిపే తండ్రి ముఖం చూసి ఏటి ఉధృతి పసిగట్టిన కుర్రాళ్లు నా తరగతిలోనే ఉన్నారు. ప్రాథమిక పాఠశాలల్లో వారానికి ఒక పీరియడ్ కేటాయించి, పిల్లలందరినీ కలిపి కూర్చోబెట్టి, తోటివారి ముఖంలో ఏముందో చెప్పించి, వాళ్లనే అడిగి సరిచూసుకునే ఆట ఆడించాలి. పత్రికలు కూడా ఇలాంటి తేడాల గురించి రాసేటప్పుడు అవి ఎంత చిన్నవో శీర్షిక కిందే చెప్పాలి.
- ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, కోనసీమ