చందమామకి చెప్పుకున్న చాడీలు

విజయనగరం

అమ్మడూ,

నీ షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టు చదివాను. పెద్దచెరువు గట్టు మీద వెన్నెల సీనులో ఇద్దరూ ఎదురుపడగానే మనసులో మాట చెప్పేసుకుంటున్నారు. అక్కడే సీను చల్లారిపోయింది. ఆ మాట ఎంత ఆలస్యమైతే అంత రుచి తల్లీ.

1955లో వచ్చిన 'మిస్సమ్మ' మళ్లీ చూడు. ఉద్యోగం కోసం మొగుడూపెళ్లాలమని అబద్ధమాడిన జంట వాళ్లది. 'రావోయి చందమామ' పాటలో ఒకరి మీద ఒకరు చందమామకి చాడీలు చెప్పుకుంటారు. ఆ చాడీల్లోనే వాళ్ల ఇష్టం మనకి దొరికిపోతుంది. 1957 నాటి 'మాయాబజార్' పడవ పాటలో కుర్రజంటతో పాటు కృష్ణుడు రుక్మిణి, బలరాముడు రేవతి కూడా ఉంటారు. పెద్దల కంట పడతామేమోనన్న బెరుకే ఆ వెన్నెలకి అందం. రెండింటికీ కెమెరా మార్కస్ బార్ట్లీదే. మిస్సమ్మకి బాణీలు కట్టిన రాజేశ్వరరావుగారిది మన సాలూరు దగ్గరి శివరామపురం. పడవ పాట పాడిన ఘంటసాల సంగీతం నేర్చుకున్నది మన మహారాజావారి సంగీత కాలేజీలోనే.

అందుకని డైలాగులు కొట్టేసి, ఇద్దరి చూపూ చెరువులో దీపం నీడ మీద పెట్టు. మొదటి షాట్‌లో ఇద్దరూ ఒకే ఫ్రేములో, మధ్య బారెడు ఎడం. తర్వాత అమ్మాయి ముఖం ఒక్కటే, నాలుగు సెకన్లు. ఆమె కళ్లు దించుకునే దాకా కట్ చెయ్యకు. తొందరపడి ముందే కోస్తే ఆ సిగ్గు ఎడిటింగులో పోతుంది, మళ్లీ రాదు. సంగీతం కూడా కళ్లు దించాకే మొదలవ్వాలి. ఒకరినొకరు చూసుకునే షాట్లలో ఆమె ఎడమకి చూస్తే అతను కుడికి చూడాలి. లైన్ క్రాస్ అయితే, అంటే ఇద్దరి మధ్య ఊహించుకునే గీతని కెమెరా దాటితే, ఇద్దరూ ఎవరో మూడో మనిషిని చూస్తున్నట్టుంటుంది.

ఫోనుతో నిజం వెన్నెల్లో తియ్యకు, బొమ్మంతా ఇసక చల్లినట్టు వస్తుంది. సాయంత్రం ఎండలోనే తియ్యి. సూర్యుడు వాళ్ల వీపు వెనక ఉండాలి. ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుగు, రెండు స్టాపులు (నాలుగో వంతుకి) తగ్గించి లాక్ చెయ్యి. రంగుల ఛాయని సరిచేసే వైట్ బ్యాలెన్స్ 3200 కెల్విన్ పెడితే వెన్నెల లాంటి నీలం ఛాయ వస్తుంది. ఆకాశం మాత్రం ఫ్రేములోకి రానివ్వకు. అది తెల్లగా ఉండిపోయి పగలని పట్టిచ్చేస్తుంది. నీటి తళుకు ఎంతున్నా మంచిదే. సెకనుకి 24 ఫ్రేములు పెట్టు. ఇంట్లో ట్యూబులైటు కింద తీసే సీనుకి షట్టర్ 1/50 సెకను ఉంచు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ దానికి పొసగకపోతే తెర మీద నల్లచారలు పాకుతాయి.

వెనక వెలుగుంటే ముఖాలు నల్లబడతాయి. ఎండని ముఖాల మీదికి తిప్పేలా తెల్ల థర్మోకోల్ షీటు ఒకటి నాలుగడుగుల దూరంలో, ఛాతీ ఎత్తున పట్టించు. వెలుగు కింద నుంచి పడితే దెయ్యం ముఖంలా ఉంటుంది. గట్టు మీద గాలి ఎక్కువ, మైకుకి బొచ్చు తొడుగు మర్చిపోకు. థర్మోకోల్ కూడా ఎగిరిపోతుంది, పట్టుకోడానికి ఇద్దర్ని పెట్టుకో.

మీ నాన్న