సెమినార్లకు వెళ్దామనుకునే డ్రాయింగ్ టీచర్లకు

అందరికీ నమస్కారం. ఈ ఏడాది మేనేజ్‌మెంట్ మనల్ని డబ్బులిచ్చి పంపుతుందని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు, రంగులకీ చార్టులకీ ఇవ్వడానికే వాళ్లకి చేతులు రావడం లేదు. అందుకే డబ్బు అడక్కండి, ఓడీ (ఆన్ డ్యూటీ, అంటే బడిలో ఉన్నట్టే లెక్కేసి పంపే అనుమతి) అడగండి. జీతం కోయకుండా వదిలితే చాలు, తిరిగొచ్చాక మిగతా టీచర్లకి ఒక పూట క్లాసు చెప్తానని లెటర్లోనే రాసేస్తే హెడ్మాస్టర్లు కాస్త మెత్తబడతారు.

రిజిస్ట్రేషన్ ఫీజు కట్టే ముందు నిర్వాహకులకి ఒక మెయిల్ పెట్టండి, మనం డెమో ఇస్తే ఫీజు తగ్గిస్తారా అని. మా దగ్గర చూపించడానికి ఏముంది మాస్టారూ అనకండి, కొండపల్లి పక్కనే ఉండి ఆ మాట ఏంటి? తెల్ల పొణికి చెక్క ముక్కలు, వాటిని అతికించడానికి చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపి చేసే మక్కు, ఇవి సంచిలో వేసుకెళ్లి పిల్లలతో ఎలా చేయించొచ్చో అరగంట చూపిస్తే చాలు.

గవర్నమెంట్ బళ్ల వాళ్లు సీసీఆర్టీ (టీచర్లకి కళలు, సంస్కృతి మీద శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) శిక్షణలు వదులుకోవద్దు. ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, హైదరాబాద్‌లోనూ ప్రాంతీయ కేంద్రం ఉంది. పేర్లు మన డిపార్ట్‌మెంట్ నుంచే వెళ్లాలి కాబట్టి ముందే ఆఫీసులో చెప్పి ఉంచండి.

హైదరాబాద్‌కి బెజవాడ నుంచి శాతవాహన, గుంటూరు నుంచి గోల్కొండ, సిట్టింగ్ టికెట్ చాలు. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. రూమ్ ముగ్గురేసి పంచుకుందాం, గురక పెట్టేవాళ్లు ముందే చెప్పండి.

వచ్చేవాళ్లు ఆదివారం లోపు ఇక్కడే పేరు పెట్టండి, దండం బొమ్మలు కాదు.