పీట మీద మూడు నిమిషాలు

చిట్టితల్లికి,

మేం క్షేమంగా చేరాం. నరసాపూర్ ఎక్స్‌ప్రెస్ పాలకొల్లు వచ్చేసరికి గంట ఆలస్యమైంది. మీ అమ్మ సంచీ దింపీ దింపగానే తులసి మొక్క ఎండిపోయిందని పక్కింటివాళ్ళ మీద విసుక్కోవడం మొదలుపెట్టింది. ఇవన్నీ ఫోన్లో చెప్పుకునేవే. ఈ ఉత్తరం వేరే సంగతి గురించి, తప్పు చేస్తే మన బుడ్డోణ్ణి నువ్వు కాసేపు పీట మీద కూర్చోబెట్టే ఆ టైమ్ అవుట్ గురించి. ఫోన్లో అయితే నేను రెండు ముక్కలు అనేలోపే నువ్వు "పోనీలే నాన్నా" అంటావు. ఇది పోనిచ్చే సంగతి కాదనిపించింది.

గురువారం సాయంత్రం ఎదురింటి పాప ఆడుకోవడానికి వచ్చింది కదా. ఫైరింజన్ బొమ్మ కోసం పెనుగులాడి మన బుడ్డోడు ఆ పిల్ల చెయ్యి కొరికాడు. నువ్వు అరవలేదు, కొట్టలేదు. ముందు ఆ పిల్ల చెయ్యి చూశావు. తర్వాత వాడి ముందు గొంతుక్కూర్చుని, "కొరికితే నొప్పి పుడుతుంది. కొరికావు కాబట్టి మూడు నిమిషాలు పీట మీద" అన్నావు. బాల్కనీ తలుపు పక్కన కూర్చోబెట్టి, ఫోన్లో టైమర్ పెట్టి వంటింట్లోకి వెళ్ళావు. వాడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. నా వల్ల కాలేదు. డబ్బాలోంచి సున్నుండ తీసి వాడి చేతిలో పెట్టి, పక్కనే చతికిలబడి ఏడు చేపల కథ అందుకున్నాను. టైమర్ మోగేసరికి మేమిద్దరం గడ్డిమోపు దాకా వచ్చేశాం.

నువ్వు చూశావు, ఏమీ అనలేదు. రాత్రి అందరూ పడుకున్నాక మాత్రం, "నాన్నా, వాడికది టైమ్ అవుట్ కాలేదు, టీ టైమ్ అయింది" అన్నావు. నాకు రోషం వచ్చింది. "మేం పెంచలేదా పిల్లల్ని? ఏ టైమర్లు పెట్టి పెంచాం?" అనేసి వెళ్ళి పడుకున్నాను.

మర్నాడు జరిగింది నీకు చెప్పలేదు. నువ్వు ఆఫీసు కాల్‌లో ఉన్నావు. వాడు మీ అమ్మ మోచేతి మీద గట్టిగా గిల్లాడు. ఎవరూ ఏమీ అనకముందే తనే వెళ్ళి పీట మీద కూర్చుని, నా వైపు చూసి, "తాతయ్యా, సున్నుండ" అన్నాడు. ముప్ఫై రెండేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి నేను. గిల్లితే పీట, పీట ఎక్కితే సున్నుండ, పైగా కథ. మూడేళ్ళవాడు వేసిన లెక్కలో ఎక్కడా తప్పు లేదు. వాడికి ఆ లెక్క నేర్పింది నేనే.

అప్పుడు కూర్చుని దీని గురించి చదివాను. టైమ్ అవుట్ అనే మాట ప్రయోగశాలల్లోంచి వచ్చిందట. పావురాలకీ చింపాంజీలకీ తిండి దొరికే ఏర్పాటు కాసేపు ఆపేసి, అవి ఎలా మారతాయో 1950లలో చూశారు. ఆర్థర్ స్టాట్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1960లలో తన సొంత కూతురి దగ్గరే దీన్ని వాడాడు. అసలు పేరు ఇంకా పొడుగు. పిల్లలకి ఇష్టమైనదేదో దాని నుంచి కాసేపు విరామం అని దాని అర్థం. ఆ తోక రాలిపోయి వట్టి టైమ్ అవుట్ మిగిలింది. నన్నడిగితే కీలకమంతా ఆ తోకలోనే ఉంది. పని చేసేది పీట కాదు. ఆటా మాటా మన చూపూ ఆ కాసేపు ఆగిపోవడమే పని చేస్తుంది. కాబట్టి పీట దగ్గర సున్నుండ పెడితే అది ఎంత చెడుతుందో, పీట దిగాక వాణ్ణి ఎవరూ పట్టించుకోకపోయినా అంతే చెడుతుంది. ఎవరి ఫోన్లో వాళ్ళుంటే వాడికి పీట అయితేనేం, సోఫా అయితేనేం! నిన్ను దెప్పడం లేదమ్మా. పొద్దున స్నానం దగ్గర చెంబుతో మీరిద్దరూ ఆడే నీళ్ళాట చూశాను. ఆ ఆట ఉన్నంతకాలం నీ పీటకి విలువుంటుంది.

ఏడుస్తున్న పిల్లలకి సరిగ్గా అప్పుడే మనిషి తోడు కావాలనీ, ఒంటరిగా పెడితే తమని వద్దనుకుంటున్నారనుకుంటారనీ, పిల్లల పెంపకం మీద పుస్తకాలు రాసే డేనియల్ సీగల్, టీనా పేన్ బ్రైసన్ అనేవాళ్ళు 2014లో రాశారు. అది చదువుతున్నప్పుడు నాకు నీ పీట గుర్తు రాలేదు. మన బియ్యం గది గుర్తొచ్చింది.

మా నాన్న చదువుకున్న వీధిబడిలో కోదండం వేసేవారట. దూలానికి తాడు కట్టి, పిల్లాణ్ణి దాన్ని పట్టుకుని వేలాడమనేవారు. నా హయాంలో గోడకుర్చీలు, గుంజీళ్ళు, బెంచీ ఎక్కించడాలు, బెత్తం. 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అంది. నేను 2012లో రిటైరయ్యాను. ఆ చివరి రెండేళ్ళూ బెత్తం లేకుండా క్లాసు ఎలా నడుస్తుందని స్టాఫ్‌రూమ్‌లో అందరికంటే ఎక్కువ సణిగింది నేనే. క్లాసు నడిచింది, అది వేరే విషయం.

ఇంట్లో చట్టం లేదు కదా. నీకు నాలుగేళ్ళప్పుడు, నేను దిద్దిన జవాబు పత్రాల కట్ట మీద ఎర్రసిరా ఒలకబోశావు. నిన్ను బియ్యం గదిలో పెట్టి బయట గడియ వేశాను. ఎంతసేపో నాకు గుర్తులేదు. మీ అమ్మ వచ్చి తీసింది. ఇప్పటికీ నువ్వు బాత్‌రూమ్‌కి వెళ్తే గడియ పెట్టుకోవు. ఈ వారం రోజులూ గమనించాను. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నేను చెప్పలేను.

నీ పీటకి తలుపు లేదు. వాడు కూర్చున్నచోటి నుంచి వంటింట్లో నువ్వు కనిపిస్తావు. మూడు నిమిషాలకి మోగుతుందని వాడికి తెలుసు. ఏడాదికో నిమిషం చొప్పున అని నువ్వు చెబితే నవ్వాను గానీ, అది శిక్షకి హద్దు. నా కోపానికి అలాంటి హద్దు ఉండేది కాదు.

అయినా తండ్రిని కదా, ఒకట్రెండు చెప్పకుండా ఉండలేను. శనివారం రాత్రి వాడు కంచం విసిరేశాడు. నువ్వు మూడుసార్లు పీట ఎక్కించావు, మూడుసార్లూ వాడు దిగి పరిగెత్తాడు, నువ్వు వెంటపడ్డావు. చివరికి వాడికది దొంగాటైంది, నీకు టెన్షన్ అయింది. ఏడు చేపల కథలో చేప ఎండలేదని ఊరుకోరు కదా, ఎందుకు ఎండలేదని అడుక్కుంటూ చీమ దాకా వెళ్తారు. కంచం ఎందుకు విసిరాడు? నిద్ర ముంచుకొచ్చి. నిద్ర ఎందుకు? మధ్యాహ్నం పడుకోలేదు. ఎందుకు పడుకోలేదు? హాల్లో క్రికెట్టు పెద్ద సౌండ్‌తో నడుస్తోంది. పెట్టిందెవరు? ఈ కథలో చీమని నేనే. ఆకలికీ నిద్రకీ జ్వరానికీ పీట పనికిరాదమ్మా. కొరకడం, కొట్టడం లాంటివాటికే దాన్ని దాచుకో. అస్తమానం వాడితే అది మామూలు కుర్చీ అయిపోతుంది.

ఇంకోటి. టైమర్ మోగాక "సారీ చెప్పు, మళ్ళీ చేస్తావా, చెప్పు" అని పావుగంట క్లాసు పీకుతున్నావు. అది నా పోలికే. మోగిందంటే అయిపోయినట్టే, ఫైరింజన్ ఇచ్చేయ్. అల్లుడుగారిది ఇంకో రకం. "ఇదే లాస్ట్" అని ఆయన పదిసార్లు అంటారు, వాడు లెక్కపెడుతూనే ఉంటాడు. ఈ మాట నేనన్నట్టు చెప్పకు.

మొదట్లో వాడి గోల పెరిగితే బెదిరిపోకు. కొత్త మాస్టారు వచ్చిన మొదటి వారమే పిల్లలు ఎక్కువ అల్లరి చేస్తారు, ఎంతవరకు సాగుతుందో చూడాలి కదా. నీ తమ్ముడి కూతురికి మాత్రం ఇప్పుడే ఇది చెప్పకండి. ఏడాదిన్నర పిల్లకి పీట ఏం తెలుస్తుంది, చేతిలో ఇంకో బొమ్మ పెడితే చాలు.

సంక్రాంతికి మీరొచ్చేసరికి మన పాత పీట వడ్రంగి చేత బాగు చేయిస్తాను. వాడు దాని మీద కూర్చుంటే నేను పెరట్లోకి వెళ్ళిపోతాను, మాట ఇస్తున్నాను. సున్నుండలు ఇక్కడ మన ఎదురింటి కుర్రాడితో పంపుతున్నాం, ఆదివారం హైదరాబాద్ వస్తున్నాడు. డబ్బా నీ చేతికే ఇవ్వమన్నాను.

బియ్యం గది సంగతి నీకు గుర్తుంటే ఎప్పుడైనా చెప్పు. ఉత్తరంలో అయినా సరే.

మీ నాన్న