కలెక్టర్ గారూ, మా దాతలకు ఒక్క పేజీ లెక్క ఇప్పించండి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారాలు. ఇదే విషయం మీద, మీరు జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో మేమిచ్చిన అర్జీలు మీ కార్యాలయంలో ఎక్కడో భద్రంగానే ఉండి ఉంటాయి. ప్రతి అర్జీకీ రసీదు ఇచ్చారు, నంబరు వేశారు, ఆ మాట కాదనను. ఒకసారి ఫోనుకు 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని సందేశం కూడా వచ్చింది. ఏం పరిష్కరించారో చూద్దామని సంతోషంగా వెళితే, సంబంధిత అధికారికి పంపించడమే పరిష్కారమని గుమాస్తా గారు ఓపికగా వివరించారు. అందుకని ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మేం అడుగుతున్నది డబ్బు కాదు, ఇచ్చిన డబ్బుకు లెక్క. ప్రభుత్వ బడులను బాగుచేసే 'మన ఊరు - మన బడి' పథకం కింద మా ఉన్నత పాఠశాలలో భోజనశాల కట్టడానికి పూర్వ విద్యార్థులం చందాలు పోగుచేసి బడి ఖాతాలో జమ చేశాం. అందులో ఎంత ఖర్చయింది, దేనికైంది, ఎంత మిగిలింది? ఈ మూడు ముక్కలు ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇప్పిస్తే చాలు. ఆ కాగితాన్ని దాతలకు పంపుకొంటాం. బడి పేరు ఇక్కడ రాయడం లేదు. అర్జీల్లో ఉంది. పేరు బయటికొస్తే ముందుగా సంజాయిషీ ఇచ్చుకోవలసింది ఇప్పుడున్న హెడ్మాస్టరు గారు, ఆయన వచ్చేనాటికే ఇదంతా జరిగిపోయింది.

పథకం గురించి మీకు నేను చెప్పేదేముంది? 2022 మార్చి 8న వనపర్తిలో మొదలైనప్పుడు 26,065 బడులు, 7,289 కోట్లు, పన్నెండు రకాల పనులు అని పత్రికల్లో చదివి మేమూ ఉబ్బిపోయాం. పది లక్షలిస్తే తరగతి గదికి, కోటి ఇస్తే ఏకంగా ఉన్నత పాఠశాలకే దాత కోరిన పేరు పెడతామన్నారు. మేం పోగుచేసింది అంత లేదు, పేరూ మాకు అక్కరలేదు. మా బ్యాచ్‌లో ఒకడు మాత్రం గేటు పక్కన చిన్న శిలాఫలకమైనా వేయించాలని పట్టుబట్టాడు. ఇప్పుడు వాడే 'రాయి వద్దు, రసీదు చాలు' అంటున్నాడు.

ఈ చందా ఎవరిదో మీకు తెలియాలి. ఏ కంపెనీ ఇచ్చిందీ కాదు, ఏ వ్యాపారి ఇచ్చిందీ కాదు. మాతో పదో తరగతి చదివిన ఆడపిల్లల్లో సగం మంది ఇవాళ బీడీలు చుడుతున్నారు. వారిలో ఒకామె 'బట్వాడా రోజున ఇస్తాను' అని, అంటే కూలి చేతికొచ్చే రోజున అని మాటిచ్చి, ఆ రోజే కొడుకు చేత వెయ్యి రూపాయలు పంపించింది. రెండు వందల నోట్లు ఐదు, మడతలు కూడా విప్పలేదు. ఆటో నడిపేవాడు ఇచ్చాడు, మగ్గం మానేసి సూరత్ వెళ్లినవాడు ఇచ్చాడు. సౌదీలో పనిచేసే మిత్రుడు తన గదిలో ఉండే ఇతర ఊళ్ల వాళ్ల దగ్గర కూడా అడిగి పంపాడు. వాళ్లకు మా బడి ఎక్కడుందో కూడా తెలియదు. ఈ పేర్లన్నీ ఒక పొడుగు పుస్తకంలో వరుసగా రాసి ఉన్నాయి, పక్కన గడిలో సంతకాలున్నాయి. ఆ పక్క గడి మాత్రం ఖాళీ. 'వినియోగం' అని శీర్షిక పెట్టుకున్నాం, పిచ్చివాళ్లం.

సౌదీ మిత్రుడు శుక్రవారం శుక్రవారం ఫోను చేస్తాడు. 'ఒరేయ్, హాలు లేచిందా?' అంటాడు. లేచింది, స్తంభాల దాకా. ఫొటో పంపమంటాడు. ఏం ఫొటో పంపమంటారు? ఆరు స్తంభాలు, పైన ఊచలు బయటికొచ్చి తుప్పు పట్టి ఎర్రబారి ఉన్నాయి. మధ్యలో కంకర కుప్ప మీద గడ్డి మొలిచింది. పిల్లలు మాత్రం ఎప్పటిలాగే వరండాలో గోడవారగా వరుసగా కూర్చుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని తింటున్నారు. ఈదురుగాలి వస్తే జల్లు నేరుగా పప్పులోకే. కోడిగుడ్డు ఇచ్చే రోజున కుక్కలు మెట్ల దాకా వస్తాయి, ఒక పిల్లవాడు కర్ర పట్టుకుని కాపలా నిలబడి అందరి తర్వాత తింటాడు. ఆ ఫొటో పంపలేక, కట్టడానికి ముందు తీసిన నమూనా బొమ్మే మళ్లీ మళ్లీ పంపుతున్నాను.

ఇక లెక్క కోసం ఎక్కడెక్కడ తిరిగామో వినండి. పాత హెడ్మాస్టరు గారు 2024లో బదిలీ అయ్యారు. చెక్కు మీద ఆయనతో పాటు సంతకం పెట్టవలసిన పాఠశాల యాజమాన్య కమిటీ చైర్మన్ పదవీకాలం అంతకుముందే అయిపోయింది. ప్రభుత్వం మారింది, పథకం ఊసు తగ్గింది, పనులు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు వచ్చాయి. ఆ కమిటీకి పెద్దగా ఉన్న మహిళా సంఘం అధ్యక్షురాలు మంచి మనిషి. 'అన్నా, నాకు అప్పజెప్పిన కాగితాల్లో మీ విరాళం ముచ్చటే లేదు, నేనేం చెప్పాలి?' అన్నారు. ఆమె తప్పేముంది? ఇంజనీరు గారిని అడిగితే ఎంబీ, అంటే పని కొలతల పుస్తకం, రాసి పైకి పంపామన్నారు. ఎంబీలో మా డబ్బు ఎంత, ప్రభుత్వ నిధి ఎంత అని అడిగితే 'అన్నీ కలిపే ఉంటాయి' అన్నారు. బ్యాంకు మేనేజరు గారు ఖాతాదారు సంతకం లేనిదే నిల్వ చెప్పరాదన్నారు. ఖాతాదారు ఎవరంటే పాఠశాల. పాఠశాల తరఫున ఎవరంటే సంతకం మారలేదు. సంతకం ఎవరు మార్చాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి. పైన ఎవరంటే, తిరిగి తిరిగి మీ దగ్గరికే వచ్చాను.

సమాచార హక్కు చట్టం కింద కూడా అడిగాం. మా దరఖాస్తును సెక్షన్ 6(3) ప్రకారం మరో కార్యాలయానికి బదిలీ చేశామని మర్యాదగా ఉత్తరం వచ్చింది. ఆ కార్యాలయం ఇంకో కార్యాలయానికి బదిలీ చేసింది. సమాచారం రాలేదు గానీ మా దరఖాస్తు మాత్రం జిల్లా అంతా చూసి వచ్చింది.

దొంగతనం జరిగిందని అంటున్నానని దయచేసి అనుకోవద్దు. ఆ మాట అనడానికైనా చేతిలో లెక్క ఉండాలి కదా! డబ్బంతా పునాదికే అయిపోయిందేమో. మా డబ్బుతో మరుగుదొడ్లకు నీళ్ల ట్యాంకు పెట్టించారేమో, అదీ మంచిదే, పిల్లలకే కదా. కాంట్రాక్టరుకు బిల్లు ఆగి పని ఆగిందేమో. ఖాతాలో ఇంకా ఉందేమో. ఏదైనా సరే, ఉన్నదున్నట్టు రాసివ్వండి. 'భోజనశాలకని ఇచ్చారు, రంగులకు ఖర్చుపెట్టాం' అని రాసినా నేను అదే దాతలకు చదివి వినిపిస్తాను. కొందరు కోప్పడతారు, కొందరు సరేలే అంటారు. ఏమీ చెప్పకపోతేనే ఎవరికి తోచింది వాళ్లు అనుకుంటారు. ఇప్పటికే అనుకుంటున్నారు. అందులో నా పేరే ముందుంది, ఎందుకంటే చందా పుస్తకం పట్టుకుని వాళ్ల గుమ్మం ఎక్కింది నేనే, మీరు కాదు.

నాకు మండల కేంద్రంలో ఎరువుల దుకాణం ఉంది. యూరియా ఎన్ని బస్తాలు వచ్చింది, ఎన్ని అమ్మాను, ఎన్ని మిగిలింది దుకాణం ముందు బోర్డు మీద రోజూ రాయాలి. ధర కూడా రాయాలి. రైతు వేలిముద్ర యంత్రంలో పడందే బస్తా కదలదు. ఒక రోజు బోర్డు తుడిచి మళ్లీ రాయడం ఆలస్యమైతే అధికారి వచ్చి నోటీసు ఇస్తారు. ఇవ్వాలి కూడా, నేను తప్పు పట్టడం లేదు. బస్తా యూరియాకున్న లెక్క బడికిచ్చిన విరాళానికి ఎందుకు ఉండకూడదు అనే అడుగుతున్నాను.

లెక్క చదివి వినిపించడం ఈ నేలకు కొత్తదీ కాదు. ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ 2006 నుంచే మన దగ్గర మొదలైంది. తనిఖీ బృందం ఇల్లిల్లూ తిరిగి, ఏ కూలీకి ఎన్ని రోజులు పని పడింది, ఎంత కూలి వచ్చింది అని అడిగి, మస్టరుతో, అంటే హాజరు పట్టీతో సరిచూసి, చివరికి ప్రజావేదికలో అందరి ముందూ చదువుతుంది. తేడా వస్తే అక్కడికక్కడే అధికారి సమాధానం చెప్పుకోవాలి. 'మన ఊరు - మన బడి'లో కొన్ని పనులను ఉపాధి హామీతోనే ముడిపెట్టారు కూడా. అంటే ఒకే ఆవరణలో ఉపాధి నిధితో కట్టిన ప్రహరీకి తనిఖీ ఉంటుంది, బీడీల అక్క ఇచ్చిన వెయ్యి రూపాయలకు ఉండదు. నియమాల్లో లేదంటారా? లేకపోతే మీరే ఒక ఉత్తర్వు వేయండి. జిల్లాలో మాలాంటి బడులు ఇంకా ఉండే ఉంటాయి.

డబ్బు అప్పగించిన రోజు బడిలో సభ పెట్టారు. వేదిక మీద మాకు శాలువాలు కప్పారు, పత్రికలో ఫొటో వచ్చింది, ఒక అధికారి మమ్మల్ని సమాజానికి ఆదర్శమన్నారు. లెక్క అడగడం మొదలుపెట్టాక ఆ అధికారి కార్యాలయంలోనే కూర్చోమన్నవారు లేరు. ఆ శాలువా నా బీరువాలోనే ఉంది, కావాలంటే తిరిగి ఇచ్చేస్తాను. లెక్క మాత్రం ఇవ్వండి సారూ.

మళ్లీ చెబుతున్నాను, మేం అడుగుతున్నది పెద్దదేమీ కాదు. బ్యాంకు ఖాతా నకలు, ఎంబీలో మా పనికి సంబంధించిన పుట, మిగిలిన సొమ్ము ఎవరి సంతకంతో కదులుతుందో తెలిపే ఒక ఉత్తర్వు. వీలైతే స్లాబు పని ఎప్పుడు మొదలవుతుందో ఒక మాట. అది వీలుకాకపోతే లెక్క ఒక్కటైనా. ఇంగ్లీషులో వద్దు, తెలుగులో ఇవ్వండి, చందా ఇచ్చిన వాళ్లు సొంతంగా చదువుకోగలగాలి. మీ ముందున్న ఫైళ్లలో ఇది చిన్నదని తెలుసు. కానీ చిన్న ఫైలైతే త్వరగా తేలాలి కదా అని మా ఆశ.

వచ్చే సంక్రాంతికి మా బ్యాచ్ అంతా బడిలోనే కలుద్దామనుకుంటోంది. సౌదీ మిత్రుడు సెలవు పెట్టుకున్నాడు. స్తంభాలు స్వయంగా చూస్తాడు, దానికి నేనేమీ చేయలేను. ఆ రోజు పొడుగు పుస్తకం అందరి ముందూ తెరవాలి. ఖాళీగా ఉన్న గడిలో ఏం రాయాలో దానికి ముందే చెప్పగలరని కోరుతూ,

భవదీయుడు,
పూర్వ విద్యార్థుల కమిటీ కన్వీనర్

ప్రతులు: జిల్లా విద్యాశాఖాధికారి గారికి, మండల విద్యాధికారి గారికి, బ్యాంకు మేనేజరు గారికి, చందా పుస్తకంలో పేరున్న ప్రతి ఒక్కరికీ.