పేగు కడిగే మందు తాగక ముందే ధర కాగితం ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను కర్నూలు వ్యవసాయ మార్కెట్ యార్డులో ఒక ఉల్లి మండీలో గుమాస్తాను. ముప్పై ఒక్క ఏళ్లుగా తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే లెక్క చీటీలు, రాస్తున్నాను. రైతు తెచ్చినవి ఎన్ని బస్తాలు, తూకం ఎంత, క్వింటా ఏ ధర పలికింది, హమాలీ ఎంత, కాటా కూలి ఎంత, చివరికి చేతికి వచ్చేది ఎంత, ఇవన్నీ వేటికవి విడిగా రాసి రైతు చేతిలో పెడతాను. చదువురాని రైతు కూడా ఆ కాగితాన్ని పక్కవాడికి చూపించి సరిచూసుకుంటాడు. రెండు నెలల కిందట నా భార్యకు కొలనోస్కోపీ, అంటే కెమెరా పైపు వేసి పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించినప్పుడు అలాంటి కాగితం ఒక్కటి కూడా నా చేతికి రాలేదు. మేము కట్టిన డబ్బు దేనికెంత పోయిందో తెలుసుకోవడానికి నాకు నెల రోజులు పట్టింది. తెలుసుకున్నది నలుగురికీ పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా భార్యకు యాభై ఆరేళ్లు. ఎనిమిది నెలలుగా విరేచనంలో రక్తం పడుతున్నా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పిన తర్వాత కూడా మొలలే అయి ఉంటాయని ఇద్దరం అనుకున్నాం. ఊళ్లో ఎవరో ఇచ్చిన పొడి, ఆ తర్వాత మందుల షాపులో ఇచ్చిన ట్యూబు, ఇలా మూడు నెలలు గడిచాయి. మనిషి పాలిపోయింది. చివరికి డాక్టరుగారు చూసి, ఈ వయసులో రక్తం పడితే మొలలని ఊహించి ఊరుకోకూడదు, పెద్దపేగు మొత్తం చూడాల్సిందే అన్నారు.

ఆ సాయంత్రం నేను నాలుగు చోట్లకు ఫోను చేశాను. మూడు కర్నూలులోనివి, ఒకటి హైదరాబాదుది. ఒకరు 1,800 రూపాయలన్నారు. ఇంకొకరు 4,000. మూడోవారు 7,500. హైదరాబాదులో 12,000. వింటుంటే నాకు దిక్కు తోచలేదు. ఒకే రకం సరుకు ఒకే పూట ఇంత తేడాగా పలకడం నా ఉద్యోగంలో చూడలేదు. తేడా ఎందుకని అడిగితే నాలుగు చోట్లా దాదాపు ఒకే జవాబు: రండి, వచ్చాక మాట్లాడుకుందాం.

మేము 4,000 అన్నచోటికి వెళ్లాం. కట్టింది 19,330 రూపాయలు. క్వింటా 1,200 పలికిన రోజున పదహారు క్వింటాళ్ల ఉల్లి అమ్మితే దాదాపుగా వచ్చే డబ్బు అది. డాక్టరుగారి ఫీజు 500, రక్తపరీక్షలకు 1,650, ఈసీజీకి 300, మందుల షాపులో పేగు కడిగే పొడి, సెలైను, సూదులు కలిపి 1,180 అయ్యాయి. ఫోనులో చెప్పిన 4,000 పైపు వేసి చూసినందుకు. మత్తు డాక్టరుకు 2,500, పూట మంచానికి 800 వేరు. లోపల దొరికిన రెండు బుడిపెలు తీసినందుకు 6,000. వాటిని పరీక్షకు పంపిన రెండు సీసాలకు 1,200 చొప్పున 2,400. ఈ లెక్క వాళ్లిచ్చిన బిల్లులో లేదు. అందులో ఉన్నది 'కొలనోస్కోపీ ప్యాకేజీ' అనే ఒక్క వరుస, దాని పక్కన ఒక్క అంకె. మందుల షాపు చీటీలు, ల్యాబు రసీదులు దగ్గర పెట్టుకుని, మూడుసార్లు కౌంటరు చుట్టూ తిరిగి నేను కూర్చుకున్న లెక్క ఇది.

ముందు రోజు రాత్రి సంగతి చెప్పాలి. ఈ పరీక్షలో ధర గురించి అడిగే అవకాశం మనిషికి ఎక్కడ చేజారుతుందో అక్కడే అర్థమైంది. మూడు రోజుల ముందు నుంచే జొన్నరొట్టె, ఆకుకూరలు, గింజలున్న కూరగాయలు మాన్పించారు. ఎర్ర రంగు పానీయాలేవీ వద్దన్నారు, లోపల రక్తంలా కనిపిస్తాయట. ఎండాకాలమంతా నన్నారి మీద బతికే మనిషి, దాన్ని కూడా పక్కన పెట్టింది. సాయంత్రం ఆరింటికి ఆ పొడిని రెండు లీటర్ల నీళ్లలో కలిపి, పావుగంటకొక గ్లాసు చొప్పున తాగించాను. ఉప్పగా, జిడ్డుగా ఉందంది. నాలుగో గ్లాసుకు వాంతి వచ్చినంత పనైంది. ముక్కు మూసుకుని తాగింది. రాత్రంతా బాత్రూముకు తిరుగుతూనే ఉంది. తెల్లవారేసరికి గోడ పట్టుకుని నడిచే స్థితి. ఆ స్థితిలో ఉన్న మనిషిని తీసుకెళ్లి కౌంటరు దగ్గర ధర ఎక్కువైందని వెనక్కు తిప్పుకు రాగలమా? ఒక రోజు కూలి పోయింది, రెండు లీటర్ల మందు తాగింది, పేగు ఖాళీ అయింది. ఇంక వాళ్లు ఎంతంటే అంత.

అసలు కష్టం ఆ తర్వాత. పరీక్ష గది బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపలికి తీసుకెళ్లిన ఇరవై నిమిషాలకు ఒక అబ్బాయి చేతిలో కాగితంతో బయటికి వచ్చాడు. "సార్, అమ్మగారికి లోపల రెండు పాలిప్‌లు ఉన్నాయి. ఇప్పుడే తీసేయమంటారా? ఆరు వేలు అదనం అవుతుంది. డాక్టరుగారు ఆగి ఉన్నారు" అన్నాడు. తలుపు సందులో నుంచి టీవీ తెర కనిపిస్తోంది. గులాబీ రంగు పేగు గోడ మీద పుట్టగొడుగు లాంటిది ఒకటి. నా భార్య ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని, మత్తులో ఉంది. పాలిప్ అంటే పేగు గోడ మీది బుడిపె అని అప్పటికి నాకు తెలియదు. తీయకపోతే ఏమవుతుందో తెలియదు. ఆరు వేలు సరైన ధరో కాదో అంతకన్నా తెలియదు. జేబులో ఉన్నది నాలుగు వేల చిల్లర. తీయమన్నాను. మా మండీ యజమానికి ఫోను చేసి మిగతాది తెప్పించుకున్నాను.

తీయించడం సరైన పనే. ఆ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. బయాప్సీలో, అంటే తీసిన బుడిపెలను ల్యాబులో చూసిన పరీక్షలో, పెద్దది అడినోమా అనే రకమని వచ్చింది, సెంటీమీటరు దాటింది. అలాంటివి కొన్ని, ఏళ్లు గడిచేకొద్దీ క్యాన్సరుగా మారతాయని, తీగ ఉచ్చు బిగించి మొదట్లోనే కోసేస్తే ఆ దారి మూసేసినట్టేనని డాక్టరుగారు ఓపికగా చెప్పారు. ఆయన మీద నాకు గౌరవమే తప్ప ఫిర్యాదు లేదు. నా బాధంతా ఒకటే. పేగులో బుడిపెలు దొరకడం వింతేమీ కాదు, వాటిని వెతకడానికే ఈ పరీక్ష చేస్తారు. దొరికితే ఎంతవుతుందో ముందురోజే చెప్పి ఉంటే ఆ బెంచీ మీద నేను అలా వణికిపోయేవాడిని కాను.

తర్వాత నేను మిగతా మూడు చోట్లా అడిగి తెలుసుకున్నాను. 1,800 అన్నది కొలనోస్కోపీ కానే కాదు. అది సిగ్మాయిడోస్కోపీ, పేగు ఎడమ భాగం చివర కొంతవరకే చూసే పరీక్ష. కుడివైపున బుడిపె ఉంటే అందులో కనిపించదు. ఫోనులో ఆ తేడా ఎవరూ చెప్పలేదు. 7,500 అన్నచోట పొడి, మత్తు, మంచం, ఒక సీసా బయాప్సీ కలిసే ఉన్నాయి, బుడిపెలు తీస్తే ఎన్నయినా 5,000 అన్నారు. డాక్టరు ఫీజు, రక్తపరీక్షలు, ఈసీజీ, రెండో సీసా మేము కట్టిన ధరలకే వేసి కూడితే 16,150 వచ్చింది. అంటే ఫోనులో ఎక్కువ ధర చెప్పిన ఆస్పత్రే మాకు 3,180 రూపాయలు తక్కువలో చేసి ఉండేది. నిజం చెప్పినవారు ఖరీదైనవారిగా కనిపించారు. సగం చెప్పినవారు చౌకగా కనిపించారు.

ధరలు వేరుగా ఉండడానికి న్యాయమైన కారణాలు లేకపోలేదు. వాటిని కూడా రాయకపోతే తప్పు చేసినవాడినవుతాను. మత్తు లేకుండా చేయించుకునేవారున్నారు. నిద్ర పుచ్చే మత్తు ఇవ్వాలంటే ప్రత్యేకంగా ఒక డాక్టరు పక్కనే ఉండాలి, ఆయన ఫీజు వేరు. ఆ గొట్టం, కెమెరా లక్షల ఖరీదు. ఒక రోగికి వాడాక లోపలి సన్నని దారులన్నీ బ్రష్షుతో తోమి, క్రిమిసంహారక ద్రావణంలో నిర్ణీత సమయం ఉంచి, కడిగి, ఆరబెట్టాకే ఇంకొకరికి వాడాలి. దానికి మనుషులు కావాలి, సమయం కావాలి. తొందరలో ఆ పని తగ్గించి ధర తగ్గిస్తే అలాంటి చౌక ఎవరికీ వద్దు. డాక్టరు చేతిలో ఎంత సమయం గడిచిందన్నది కూడా ముఖ్యమే. పైపును పేగు మొదలు దాకా, అంటే సీకమ్ దాకా తీసుకెళ్లి, వెనక్కు తీసేటప్పుడు కనీసం ఆరు నిమిషాలు నిదానంగా గోడలు చూడాలన్నది వైద్యులు పెట్టుకున్న ప్రమాణం. మా రిపోర్టులో సీకమ్ ఫోటో ఉంది, అంటే పైపు అక్కడి దాకా వెళ్లిందన్నమాట. అది ఉందో లేదో చూసుకోవాలని నాకు ముందు తెలియదు.

న్యాయం కాని కారణమూ ఒకటుంది. రోగిని పంపినవారికి వాటా. వైద్యులు అలాంటి కమీషను ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అని మెడికల్ కౌన్సిల్ 2002 నాటి నియమావళిలోనే స్పష్టంగా ఉంది. మా విషయంలో అలా జరిగిందని నేను అనడం లేదు. కానీ ఒక్క వరుస బిల్లులో ఏది దేనికో తెలియనప్పుడు రోగికి ఆ అనుమానం పోయే దారి ఉండదు.

ఆ ఒక్క వరుస బిల్లు మాకు ఇంకో నష్టం చేసింది. మా అబ్బాయి పనిచేసే కంపెనీ ద్వారా తల్లిదండ్రులకు ఆరోగ్య బీమా ఉంది. దరఖాస్తు పెడితే తిరస్కరించారు. కేవలం పరీక్షల కోసం ఆస్పత్రిలో చేరితే ఆ ఖర్చు చెల్లించరట, ఆరోగ్య పాలసీలకు బీమా నియంత్రణ సంస్థ ఖరారు చేసిన మినహాయింపుల్లో అది నాలుగోది. బుడిపె తీయడం పరీక్ష కాదు కదా, చికిత్స కదా అని మావాడు వాదించాడు. బిల్లులో ఆ మాట ఎక్కడుంది అన్నారు. లేదు, నిజమే. ఇప్పుడు ఆస్పత్రి నుంచి విడి లెక్కల బిల్లు తీసుకుని మళ్లీ పంపాం.

మన కర్నూలు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో జీర్ణకోశ వ్యాధుల విభాగం ఉంది, అక్కడ ఈ పరీక్ష ఉచితంగా చేస్తారు. నంద్యాల, గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా రోగులు అక్కడికి వస్తారు. రద్దీకి భయపడి మేము ముందుగా అక్కడ అడగనైనా అడగలేదు. అది మా పొరపాటు. డబ్బు కూడదీసుకోలేక పరీక్ష వాయిదా వేసుకునేవారు దయచేసి ముందు అక్కడికి వెళ్లి అడగండి.

నేను కోరుతున్నది ధర తగ్గించమని కాదు. ధర ముందే రాసివ్వమని. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద కేంద్రం 2012లో చేసిన నియమాల్లో ప్రతి సేవ ధరనూ స్థానిక భాషలోనూ ఇంగ్లిషులోనూ అందరికీ కనిపించేచోట పెట్టాలని ఉంది. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆస్పత్రుల రిజిస్ట్రేషన్‌కు 2002 నాటి చట్టం వేరే ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలోనూ ధర తెలుసుకునే హక్కు ఉంది. మా అన్నగారి అమ్మాయి అమెరికాలో ఉంటుంది. అక్కడ 2021 జనవరి 1 నుంచి ఆస్పత్రులు తమ ధరలు ఇంటర్నెట్‌లో పెట్టి తీరాలన్న నిబంధన వచ్చిందని చెప్పింది. మనకు ఇంటర్నెట్ దాకా ఎందుకు, ఒక చీటీ చాలు. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులు శ్రద్ధ పెడితే, పొడి పొట్లం చేతికిచ్చే రోజునే ఆ చీటీ కూడా ఇవ్వాలని ప్రతి ఆస్పత్రికీ చెప్పవచ్చు. పేగు ఎంతవరకు చూస్తారు, మత్తు ఏ రకం, ఎవరిస్తారు, బుడిపె దొరికితే ఒకదానికి ఎంత, రెండు మూడైతే ఎంత, బయాప్సీ సీసాకు ఎంత. తెలుగులో. తారీఖు వేసి, సంతకం పెట్టి.

ఇంత పట్టుదలగా రాయడానికి ఒక కారణముంది. నా భార్య తమ్ముడు ఆదోనిలో జిన్నింగు మిల్లులో పనిచేస్తాడు, యాభై ఒక్క ఏళ్లు. అక్కకు అలాంటి బుడిపె వచ్చింది కాబట్టి తోబుట్టువులు కూడా పరీక్ష చేయించుకోవడం మంచిదని డాక్టరుగారు చెప్పారు. నా భార్య కూడా మూడేళ్లకు మళ్లీ రావాలి. తమ్ముడికి ఫోను చేసి చెప్పగానే "ఎంతవుతుంది బావా?" అన్నాడు. నాలుగు వేల నుంచి ఇరవై వేల దాకా ఏదైనా కావచ్చు అన్నాను, అంతకన్నా చెప్పలేకపోయాను. "పత్తి సీజను అయిపోనీ, చూద్దాం" అన్నాడు. ఆ గొంతు నాకు తెలుసు. ఎనిమిది నెలలు నా భార్య ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నదీ ఇలాంటి గొంతుతోనే.

మర్నాడే ఆ 7,500 అన్న ఆస్పత్రికి వెళ్లి, చెప్పిందంతా కాగితం మీద రాసివ్వమని అడిగాను. కౌంటరులోని అమ్మాయి మొదట తటపటాయించింది. లోపలికి వెళ్లి మేనేజరును అడిగి వచ్చి, ఆరు వరుసల్లో అన్నీ రాసి, ముద్ర వేసి ఇచ్చింది. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. దాని ఫోటో మా బావమరిదికి పంపాను. రాత్రి ఫోను చేసి, వచ్చే గురువారానికి సెలవు పెట్టానన్నాడు.

మా బిల్లు నకలు, ఆ ఆరు వరుసల చీటీ నకలు ఈ ఉత్తరానికి జత చేస్తున్నాను. ఆస్పత్రుల పేర్లు, మా పేర్లు కొట్టివేశాను. అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

ఇట్లు,
మార్కెట్ యార్డు గుమాస్తా,
కర్నూలు