లాగ్‌బుక్ సంగతి, బండి తీసే ముందు ఓసారి చదవండి

అన్నలకూ తమ్ముళ్లకూ నమస్కారం. అమెరికా రోడ్లమీద ట్రక్కు నడిపే మన గ్రూపువాళ్లు ఇద్దరికి ఈ నెలలో లాగ్‌బుక్ (ఏ టైమ్‌లో ఏ పనిలో ఉన్నామో చూపే రికార్డు) చెకింగ్‌లో వయొలేషన్ పడింది. ఇద్దరూ గంటలు దాటలేదు, తప్పంతా ఎంట్రీల్లోనే.

11 గంటల డ్రైవింగ్ పరిమితి, 8 గంటలు నడిపాక 30 నిమిషాల బ్రేక్ అందరికీ కంఠతా వచ్చినవే. దెబ్బతినేది 14 గంటల దగ్గర, అంటే డ్యూటీ మొదలయ్యాక డ్రైవింగ్ ముగించాల్సిన గడువు దగ్గర. స్లీపర్ స్ప్లిట్ (విశ్రాంతిని రెండు ముక్కలుగా తీసుకోవడం) సరిగ్గా తీసుకుంటే తప్ప, మీరు భోంచేస్తున్నా ఆ గడియారం ఆగదు.

పొద్దున్నే బండి చుట్టూ తిరిగి టైర్లు, లైట్లు చూసుకునేది ఆన్ డ్యూటీ. దాన్ని ఆఫ్ డ్యూటీలో పెట్టి నేరుగా డ్రైవింగ్‌కి దూకితే ఇన్‌స్పెక్టర్‌కి ఇట్టే దొరికిపోతారు. డీజిల్ కొట్టించినా అంతే, రసీదులో టైమ్ ఉంటుంది కదా! లోడ్‌ని గమ్యానికి దగ్గర చేసుకోవడానికి పర్సనల్ కన్వేయన్స్ (బండిని సొంత పనికి వాడుతున్నామనే గుర్తు) నొక్కొద్దు. నేనూ కొత్తలో ఆ తెలివే చూపించి చివాట్లు తిన్నాను.

ట్రైలర్ నంబర్, షిప్పింగ్ డాక్యుమెంట్ నంబర్ ట్రైలర్ మారిన ప్రతిసారీ మార్చండి. లాగ్‌లో ఏ డ్రైవర్ పేరూ లేకుండా పడి ఉన్న డ్రైవింగ్ మీదైతే ఒప్పుకోండి, కాకపోతే కాదని చెప్పండి. ఆఫీసువాళ్లు మీ లాగ్ దిద్దితే చదవకుండా ఓకే కొట్టొద్దు, సంతకం మీది.

ఈఎల్‌డీ (లాగ్‌ని నమోదు చేసే ఎలక్ట్రానిక్ పరికరం) మొరాయిస్తే 24 గంటల్లోపు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, కాగితం లాగ్ మొదలుపెట్టాలి. 8 రోజులకు సరిపడా ఖాళీ షీట్లు క్యాబ్‌లో ఉన్నాయో లేదో ఈ రాత్రే చూసుకోండి. లేనివాళ్లు చెప్పండి, నా దగ్గర ఓ కట్ట ఎక్కువుంది.