పల్లె గ్రంథాలయంలో తలుపున్న ఒక గది కావాలి

సంపాదకులకు నమస్కారం.

పల్లెలోని గ్రంథాలయానికి అందరూ పుస్తకం కోసమే రారు. దరఖాస్తు నింపిపెట్టమని ఒకరు, చేతికందిన నోటీసులో ఏముందో చదివి చెప్పమని మరొకరు, ఇంట్లో ఉండలేక కాసేపు ప్రశాంతంగా కూర్చోవడానికి ఇంకొకరు వస్తారు. వీరందరికీ సమాధానం చెప్పవలసింది గ్రంథపాలకులు ఒక్కరే. పుస్తకాల వర్గీకరణలో శిక్షణ పొందిన ఆ ఉద్యోగి, అప్పుల్లో కూరుకుపోయిన రైతుకో, భర్త చేతిలో దెబ్బలు తింటున్న స్త్రీకో దారి చూపాలంటే ఎంత మంచి మనసున్నా సరిపోదు.

శాన్‌ఫ్రాన్సిస్కో ప్రజా గ్రంథాలయం 2009లోనే పూర్తికాలపు సామాజిక కార్యకర్తను నియమించుకుంది. (సోషల్ వర్క్ చదివి, దాన్నే వృత్తిగా చేపట్టినవారని ఇక్కడ నా ఉద్దేశం.) ఆ తర్వాత మరెన్నో నగర గ్రంథాలయాలు అదే బాట పట్టాయి. నగరాల్లో ఈ అవసరం, పగలంతా గ్రంథాలయంలోనే గడిపే నిరాశ్రయుల రూపంలో కంటికి కనిపించింది. పల్లెలో కష్టం అలా బయటపడదు, గుట్టుగా ఉంటుంది.

పల్లె గ్రంథాలయాలకూ అలాంటి సామాజిక కార్యకర్త కావాలన్న నా వాదనకు మూలం ఆ గుట్టే. ఎవరు ఏ గడప తొక్కారో ఊరంతటికీ తెలిసిపోయే చోట, సంక్షేమ కార్యాలయానికి వెళ్లడమంటే కష్టాన్ని చాటింపు వేసుకున్నట్టే అవుతుంది. గ్రంథాలయానికి వెళ్లినవారిని మాత్రం ఎందుకు వెళ్లావని ఎవరూ నిలదీయరు. వయసు, మతం, లింగం, సామాజిక హోదా అనే భేదం లేకుండా ప్రజా గ్రంథాలయం అందరికీ సమానంగా సేవలందించాలని ఇఫ్లా (గ్రంథాలయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య), యునెస్కోల ప్రకటన చెబుతోంది, 2022లో సవరించిన పాఠంతో సహా. ఆ సమానత్వమే సాయం అడగడానికి జంకేవారికి రక్షణ కవచం.

పల్లెకొక పూర్తికాలపు ఉద్యోగిని అడగడం లేదు. నాలుగైదు గ్రంథాలయాలకు కలిపి ఒకరిని నియమించి, వారంలో ఫలానా రోజు ఫలానా చోట తప్పకుండా ఉంటారన్న నమ్మకం కలిగిస్తే చాలు. సోషల్ వర్క్ విద్యార్థులు క్షేత్రశిక్షణలో భాగంగా తోడ్పడవచ్చు కానీ, అనుభవజ్ఞుల పర్యవేక్షణ లేకుండా వారినే ముందుకు తోయడం ఇరుపక్షాలకూ అన్యాయం. ఎవరి బాధ్యత ఎంతవరకో ముందే రాతపూర్వకంగా తేల్చుకోకపోతే ఆ భారం తిరిగి గ్రంథపాలకుల మీదే పడుతుంది.

మాటలు బయటికి వినపడకుండా తలుపు వేసుకోగల గది ఒకటి తప్పనిసరి. ఆ గదికి వచ్చినవారి పేర్లు గ్రంథాలయ రిజిస్టరులోకి ఎక్కకూడదు. ఏం మాట్లాడారని గ్రంథపాలకులు సైతం అడగకూడదు.

ఇట్లు,
ఒక గ్రంథాలయ పాఠకురాలు